శివలీల మేడం గైర్హాజరు

ఈ పొద్దున మా ఫ్యాక్టరీ గేటు దగ్గర పచ్చి అల్లం వాసన వచ్చింది. చాయ్‌లో దంచి వేసుకునే అల్లం వాసన కాదది. అప్పుడే మట్టిలోంచి లాగి, బురద దులిపి, గడ్డలు విరిచిన అల్లానికి తడినేల వాసన, ఘాటు కలిసి ముక్కు లోపల కొరికినట్టుంటుంది. హాజరు మిషన్ ముందు స్వప్న అనే అమ్మాయి నిలబడి ఉంది. వెనక వరస మొత్తం ఆగిపోయింది. బొటనవేలు చున్నీకి తుడుచుకుని మిషన్ మీద పెట్టింది. ఎర్రలైటు. చూపుడువేలు పెట్టింది. మళ్లీ ఎర్రలైటే. “దయచేసి మళ్లీ ప్రయత్నించండి” అని మిషన్ లోపలి ఆడగొంతు ఎంతో మర్యాదగా అంటోంది. మర్యాదగా అన్నంత మాత్రాన జీతం కోత ఆగదు కదా. స్వప్న నావైపు తిరిగి, “మేడం, నేను వచ్చిన గద?” అంది. ఎదురుగా నిలబడి ఉన్న మనిషి తాను వచ్చానో లేదో ఇంకొకరిని అడగాల్సి రావడం నాకు కొత్త కాదు. ఆ ప్రశ్న ఇదే గేటు దగ్గర, ఇదే వాసన మధ్య ఇంతకుముందు విన్నాను. అప్పుడు జవాబు చెప్పింది శివలీల మేడం.

మీరు ఆమెను చూసి ఉండరు. చూసినా గుర్తుపెట్టుకునేంత ఆర్భాటం ఆమెలో ఏమీ లేదు. పొట్టి మనిషి. నేత చీర మీద ఫ్యాక్టరీ నీలం కోటు, ఆ కోటు జేబులో ఎప్పుడూ వేయించిన పల్లీలు. పుట్టిల్లు సరిహద్దు అవతల, ఇంట్లో మాట కన్నడం. ఏది నమ్మబుద్ధి కాకపోయినా “హౌదా?” అని, అంటే ‘అవునా?’ అని, ఒక్క మాట అనేది. దానితో అవతలివాళ్ల అబద్ధం సగం కరిగిపోయేది. జహీరాబాద్ హైవే పక్కన ఉన్న మా చిన్న యూనిట్‌కు ఆమె సూపర్‌వైజర్. ట్రాక్టర్లకు కావలసిన వైరింగ్ మేము తయారుచేస్తాం. రంగురంగుల వైర్లు కొలతకు కోసి, ఒక కట్టగా కలిపి, టేపు చుట్టి, కొసలకు క్లిప్పులు బిగిస్తాం. దానికో ఇంగ్లీషు పేరు ఉంది గానీ, మా లైన్‌లో అందరం “జడ” అనే అంటాం. ఇంటర్ అయిపోగానే నేను ఆ జడలు అల్లడానికి చేరాను.

చేరిన మొదటి వానాకాలంలోనే మానేస్తానని చెప్పడానికి ఆమె గదికి వెళ్లాను. కారణాలు ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుని వెళ్లాను. బస్సు దొరకడం లేదని, అమ్మకు ఒంట్లో బాగుండటం లేదని, ఇంకా ఏదో చదువుకుంటానని. ఆమె పల్లీలు నములుతూ అన్నీ విన్నది. ఎందుకు పోతున్నావని అడగలేదు. ఉండమని బతిమాలలేదు.

“పోవాలని ఏ దినం అనిపించింది?” అని అడిగింది.

అర్థం కాక నిలబడ్డాను. “కారణాలు మంచిగనే చెప్పినవ్ గని, నాకు దినం చెప్పు రేణుకా. ఎప్పుడు అనిపించింది?”

“మొన్న మంగళారం” అన్నాను. నోరు జారిందనే అనుకున్నాను.

“మంగళారం ఏమైంది?”

ఏమైందంటే, మా లైన్ లీడర్ మల్లేశం తప్పుగా బిగించిన క్లిప్పులను అందరి ముందూ నా ముఖాన ఊపుతూ, “ఇంటికాడ ఏం పని చేయకుండ పెంచిన్రా నిన్ను?” అన్నాడు. ఆ క్లిప్పులు నావి కావు, నా పక్క బల్లవి. చెప్పినా వినలేదు. ఆ రోజు బస్సులో కిటికీ వైపు ముఖం పెట్టుకుని ఇంటికి పోయాను. ఇదంతా చెబుతున్నప్పుడు మళ్లీ కళ్లలో నీళ్లు తిరిగాయి, అందుకు నా మీద నాకే కోపం వచ్చింది. ఆమె ఓదార్చలేదు. లేచి లైన్ మీదకు వెళ్లి మల్లేశాన్ని పిలిచింది. “అందరి ముందట తిట్టినవ్ గద. ఆ తప్పు ఈ పిల్లది గాదని గూడ అందరి ముందటనే చెప్పు” అంది. మల్లేశం చెవులు ఎర్రబడ్డాయి. గొణిగాడు. “వినబడలే” అందామె. రెండోసారి గట్టిగా చెప్పాడు. నేను నా బల్ల దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. మానేసే మాట మళ్లీ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

అది ఆమె పద్ధతి అని తరువాత తెలిసింది. ఎవరు మానేస్తామన్నా ఆ ఒక్క ప్రశ్నే. “పోతమనెటోళ్లు చెప్పే కారణం ఒకటుంటది, పోవాలనిపించిన దినం ఒకటుంటది. కారణం ఎన్ని రకాలుగనన్న చెప్పొచ్చు. దినం అబద్ధమాడది” అనేది. ఆ రోజును పట్టుకుని వెనక్కి నడిచేది. ఒకరికి అది మరుగుదొడ్డి తలుపు గడియ ఊడిన రోజు. ఇంకొకరికి చంటిపిల్లకు జ్వరమని ఫోన్ వస్తే ఆ కబురు మధ్యాహ్నం దాకా లోపలికి చేరని రోజు. గడియ ఆమె తానే నిలబడి బిగింపజేసింది. అలాగని ఆమెను దేవతను చేయకండి, ఆమెకే నచ్చదు. వైరు ముక్క వృథా చేస్తే ఇంటిపేరుతో సహా తిట్టేది. పనిలో ఫోన్ చూస్తే లాక్కుని పల్లీల జేబులో వేసుకునేది. కోపం వస్తే భోజనం దాకా తగ్గేది కాదు. అయితే ఆమె తిట్లలో మనిషిని తక్కువ చేసే మాట మాత్రం నేనెప్పుడూ వినలేదు.

ఒక ఏడాది హైదరాబాద్ ఆఫీసు వాళ్లకు మమ్మల్ని ఉత్సాహపరచాలని ఆలోచన వచ్చింది. ఉద్యోగుల వ్యవహారాలు చూసే హెచ్చార్ సారు వచ్చి, మా అందరిలో నేర్పుగల అనసూయను ‘ఈ నెల ఉత్తమ ఉద్యోగి’గా ప్రకటించి, ఆమె ఫోటోను పెద్ద ఫ్రేములో కట్టించి, చుట్టూ రంగు బల్బుల లైట్లు పెట్టి, గేటు లోపల గోడకు తగిలించి వెళ్లిపోయాడు. పాపం, ఆయన మంచి మనసుతోనే చేశాడు. కానీ మాలో చాలామంది వచ్చే రాయికోడ్ వైపు పల్లెల్లో గోడ మీద ఫ్రేములో ఫోటో, దానికి లైటు అంటే ఆ మనిషి ఇక లేరని అర్థం. మరునాడు అనసూయ పనికి రాలేదు. ఆ మరునాడూ రాలేదు. శివలీల మేడం నన్ను వెంటబెట్టుకుని వాళ్ల ఊరికి బయలుదేరింది.

అనసూయ అత్తగారు మమ్మల్ని గడప దాటనివ్వలేదు. “బతికున్న పిల్లను గోడకెక్కిస్తరా? దండ గూడ ఏయకపోయిన్రా, ఆ ముచ్చట గూడ తీరుతుండె!” అని చెయ్యి తిప్పుతూ అరిచింది. నాకు నవ్వు ఆగలేదు, కొంగు నోట్లో కుక్కుకున్నాను. శివలీల మేడం నవ్వలేదు. “తప్పయింది పెద్దమ్మా. రేపటికి ఆ ఫోటో గోడ మీద ఉండది” అని చేతులు జోడించింది. లోపలి నుంచి అనసూయ తొంగి చూసింది. “మరి నీకేం కావాలె అనసూయా? నీ పనిని మెచ్చుకోవాలంటె ఏం చేయాలె?” అని అడిగింది మేడం. అనసూయ, “మేమల్లే జడ ఏడికి పోతదో ఎన్నడు చూడలే మేడం” అంది.

ఆ వారమే మధ్యాహ్నం భోజనాల తరువాత లైన్ ఆపి, మా అందరినీ బస్టాండు దగ్గరి ట్రాక్టర్ షోరూమ్‌కు నడిపించుకుపోయింది. మేము అన్నేళ్లుగా అల్లుతున్నా, ట్రాక్టర్ కడుపు లోపల ఏముంటుందో ఎవరం చూడలేదు. షోరూమ్ మనిషి బానెట్ ఎత్తాడు. ఇంజన్ పక్క నుంచి పాములా వంకర తిరిగి పోతున్న నల్లని కట్టను చూసి అనసూయ, “గిది మన టేపే!” అని అరిచింది. మేడం ఆమెను సీటు మీద కూర్చోబెట్టి తాళం తిప్పించింది. దీపాలు వెలిగాయి. “హారన్ గొట్టు” అంది. అనసూయ భయపడుతూ నొక్కింది. తరువాత భయం పోయి నొక్కింది. రోడ్డు మీద పోయేవాళ్లంతా ఆగి చూసేదాకా నొక్కింది. ఆ ఏడాది మా లైన్ నుంచి ఒక్క జడ కూడా లోపముందని తిరిగి రాలేదు. రోడ్డు మీద ఏ ట్రాక్టర్ హారన్ విన్నా బస్సులో మేము ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవాళ్లం.

అంత కష్టపడి నిలబెట్టిన లైన్‌ను ఒక చిన్న మిషన్ కూలదోసినంత పని చేసింది. హాజరుకు వేలిముద్ర మిషన్ పెట్టారు. పెట్టినప్పుడు ఏ గొడవా లేదు, అందరి వేళ్లూ పట్టింది. చలికాలం వచ్చి అల్లం తవ్వకం మొదలయ్యాక అసలు సంగతి బయటపడింది. మా ఆడవాళ్లలో చాలామందికి ఇంటి దగ్గర అల్లం ఉంటుంది, లేనివాళ్లు కూడా తవ్వడానికి పోక తప్పదు. మా దగ్గర ఒకరి చేనుకు ఒకరు బదులు పోతారు. ఈరోజు నువ్వు నా చేనుకు రాకపోతే రేపు నీ చేను అలాగే ఉండిపోతుంది. తెల్లవారకముందే చేనుకు పోయి, తవ్విన గడ్డల బురద రుద్ది, విరిచి, బస్సు వేళకు చేతులు కడుక్కుని పరుగెత్తుకొచ్చేవాళ్లు. అల్లం రసానికి వేళ్ల కొసలు మండి, తోలు లేచి, గీతలు కనబడకుండా నున్నబడిపోయేవి. మిషన్ వాళ్లను గుర్తుపట్టేది కాదు. రోజంతా ఒళ్లు వంచి పనిచేసినా కాగితం మీద గైర్హాజరే. అదే సమయంలో హైవే మీద మా తరువాతి స్టాపు దగ్గర కొత్త కంపెనీ తెరిచి, పని తెలిసిన వాళ్లను పిలుస్తోంది. రాయికోడ్ బస్సులో వచ్చే వాళ్లు పోతే మా లైన్ నడవదు, లైన్ నడవకపోతే యూనిట్‌ను మరో ఊరికి ఎత్తేస్తామని ఆఫీసు అప్పటికే అన్నది. మాకందరికీ అన్నం పెడుతున్నది ఆ యూనిటే.

శివలీల మేడం ఆఫీసుకు ఫోన్ మీద ఫోన్ చేసింది. మిషన్ తప్పు చెప్పదని, సిస్టమ్ మార్చడం కుదరదని, మీవాళ్లకు క్రమశిక్షణ నేర్పమని జవాబు. నెలాఖరుకు కోతలతో జీతాలు వచ్చాయి. ఆ సాయంత్రం బస్సులో అనసూయే మాట ఎత్తింది. “రేపటి సంది ఈ గేటు కాడ దిగేది లేదు. సీదా కొత్త కంపెనీ కాడ దిగుదాం. నువ్వేమంటవ్ రేణుకా?” అప్పటికి నేను లైన్ లీడర్‌ను. నేను పోతే మిగిలినవాళ్లు వెనక్కి తిరిగి కూడా చూడరని అందరికీ తెలుసు. పొద్దున చెప్తానన్నాను. బస్సు దిగగానే మేడానికి ఫోన్ చేసి, రేపు వాళ్లు దిగరని చెప్పాను. నేను కూడా దిగనేమో అని చెప్పాను. ఆమె, “ఏ దినం అనిపించింది వాళ్లకు?” అంది.

“జీతమొచ్చిన దినం మేడం.”

“హౌదా?”

నిజం ఒప్పుకున్నాను. “కాదు మేడం. అనసూయ మిషన్ ముందట నిలబడి, నేను వచ్చిన గద మేడం అని అడిగిన దినం.”

“గదీ దినం” అని ఫోన్ పెట్టేసింది.

మరునాడు మా బస్సు గేటు దగ్గర ఆగింది. కండక్టర్ గంట కొట్టాడు. ఎవరూ లేవలేదు. నేనూ లేవలేదు, ఒళ్లో టిఫిన్ డబ్బాను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. రోడ్డు పక్కన నీలం కోటులో శివలీల మేడం నిలబడి ఉంది. ఆమె వచ్చి బతిమాలుతుందని, లేదా తిడుతుందని అనుకున్నాను. కిటికీ దగ్గరికి వచ్చి, “మిమ్ముల దిగుమంటలేను. హాజరు పిలుస్త. ఉన్నోళ్లు ఉన్న అనున్రి. పోయేటోళ్లు ఊకోన్రి, నేనేమనుకోను” అంది. కండక్టర్ విసుక్కుంటే, “జర ఆగు తమ్ముడూ, వీళ్లు రోజు నీ బస్సులనే వస్తరు” అని ఆపింది.

“అనసూయా” అని పిలిచింది.

అనసూయ ‘ఉన్న’ అనలేదు. “నేను ఉన్న అంటె ఆ మిషన్ ఒప్పుకుంటదా మేడం?” అంది.

“ఒప్పుకోది. నన్ను గూడ ఒప్పుకోది. ఇయ్యాల్టి సంది నేను దాని మీద వేలు పెడ్తలేను. మీ వేళ్లు పట్టేదాంక నాది గూడ పట్టది.”

“నీకు ఆబ్సెంట్ పడ్తది గద!”

“పడనియ్యి” అంది శివలీల మేడం.

బస్సు ఇంజన్ గురగురమంటోంది. అనసూయ తన వేళ్ల వైపు చూసుకుంది, తోలు లేచి ఎర్రబడి ఉన్నాయి. తరువాత నన్ను మోచేత్తో పొడిచి, “జరుగు రేణుకా, దారియ్యి” అంది. దిగి, రోడ్డు మీద మేడానికి ఎదురుగా నిలబడి, “ఉన్న” అంది. ఆమె వెనకే నేనూ దిగాను. ఒక్కొక్కరి పేరూ పిలిచింది, ఒక్కొక్కరూ దిగారు. అందరూ దిగారని చెబితే అబద్ధం అవుతుంది. కొందరు తలవంచుకుని కూర్చున్నారు, బస్సు వాళ్లను తీసుకుని వెళ్లిపోయింది. వాళ్లను గురించి మేడం ఒక్క చెడ్డ మాట అననివ్వలేదు. దిగినవాళ్లతో ఆ రోజు లైన్ నడిచింది.

అల్లం కాలం అయిపోయేదాకా రోజూ పొద్దున గేటు దగ్గర ఆమె పేర్లు పిలిచింది, మేము పలికాము. మిషన్ మీద వేలు పెట్టి పట్టనివాళ్లు పోగా, పట్టే వేలుండి పెట్టనిది ఆమె ఒక్కతే. చివరికి హెచ్చార్ సారు స్వయంగా వచ్చాడు. “మేడం, మీరు ఈ మధ్య అసలు డ్యూటీకే రాలేదని సిస్టమ్ చూపిస్తోంది” అన్నాడు. ఆమె ఆయనకు కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, “నేను వస్తలేనని ఎర్క గద సార్, మరి మీరు ఇంత దూరం ఎవరిని కలవనీకె వచ్చిన్రు?” అంది. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ఆ సారును చెడ్డవాడని నేను అనను. అనసూయను పిలిచి వేళ్లు చూపించమని అడిగాడు, చూశాడు, ఆ తరువాత వాదించలేదు. అల్లం నెలల్లో పేరు పిలిచి వేసిన హాజరే చెల్లుతుందని, పని గంటలు కాస్త ఆలస్యంగా మొదలవుతాయని ఆఫీసు ఒప్పుకుంది. మాకు కోసినవి తిరిగి ఇచ్చారు. ఆమెవి ఇవ్వలేదు. కావాలని చేసింది కదా అన్నారు.

ఆ ఏడాది ఆమెకు రావలసిన మేనేజరు పదవి వేరేవాళ్లకు వెళ్లింది. ఆ కబురు వచ్చిన రోజు ఆమె గదిలోకి వెళ్లడానికి అందరూ భయపడ్డారు. నేను వెళ్లాను. ఆమె ముఖం ఎర్రగా ఉంది. “బాధగా ఉందా మేడం?” అన్నాను, తెలివితక్కువగా. “ఉండదా మరి? ఆ కుర్చీ నాకు కావాలె రేణుకా. ఒద్దని ఎన్నడన్న అన్ననా? గని మీ మీద కాలు పెట్టి ఎక్కేదైతె నాకొద్దు” అంది. తరువాత జేబులోంచి గుప్పెడు పల్లీలు తీసి నా చేతిలో పోసి, “పో, లైన్ చూడుపో” అంది. ఆమె పదవీ విరమణ దాకా సూపర్‌వైజర్‌గానే ఉంది. ఆ సూపర్‌వైజర్ కుర్చీలో ఇప్పుడు నేనున్నాను. దానిలో కూర్చున్న ప్రతిసారీ ఇది మొదట ఎవరిదో నాకు గుర్తుంటుంది.

విరమణ తరువాత ఆమె సరిహద్దు అవతల చెల్లెలి ఇంటికి వెళ్లింది. ఏటా అల్లం తవ్వకం మొదలవగానే ఫోన్ చేసేది. “మనోళ్లు అందరున్నరా?” ఆ ఒక్క ప్రశ్నే అడిగేది. ఎవరైనా మానేశారంటే, ఏ దినం అనిపించిందో అడిగినవా అని నన్ను పట్టుకునేది. ఈ ఏడు ఆ ఫోన్ రాలేదు. ఇక రాదు. వానాకాలంలో ఆమె పోయింది. అనసూయ, నేను కలిసి వెళ్లాము. వాళ్ల చెల్లెలు ఆమె ఫోటో ఫ్రేము కట్టించి గోడకు పెట్టింది. దాని ముందు నిలబడి అనసూయ ఏడుస్తూనే, “చూసినవా, నన్ను గోడ దించి నువ్వెక్కినవ్” అంది. మేమిద్దరం ఏడుస్తూనే నవ్వాము.

ఈ ఏడు మా యూనిట్ చేతులు మారింది. కొత్త యాజమాన్యం, కొత్త మిషన్. అల్లం నెలల సంగతి వాళ్లకు ముందే చెప్పాను. పాత పద్ధతులు కుదరవు, సిస్టమ్ అందరికీ ఒకటే అన్నారు. సరే, ఈ మాట కూడా నాకు కొత్త కాదు. ఈ పొద్దున స్వప్న “నేను వచ్చిన గద?” అని అడిగినప్పుడు ఆమెను మిషన్ ముందు నుంచి పక్కకు రమ్మన్నాను. వరసలో అందరినీ ఇటు తిరగమన్నాను. పేర్లు పిలవడం మొదలుపెట్టాను. కొత్తవాళ్లు మొదట నవ్వారు. అనసూయ వెనక నుంచి “ఉన్న” అని గట్టిగా పలికేసరికి నవ్వు ఆగింది, ఆ తరువాత అందరూ పలికారు. అందరినీ లోపలికి పంపాక మిషన్ ముందు నేను మిగిలాను. నా వేలు దానికి బాగానే పడుతుంది. పెట్టకుండా లోపలికి నడిచాను.

పది నిమిషాలు కాలేదు, హైదరాబాద్ నుంచి ఫోన్. కొత్తగా చేరిన కుర్రాడి గొంతు, చాలా మర్యాదగా. “రేణుక మేడం, ఈరోజు సెలవులో ఉన్నారా? మీకు ఆబ్సెంట్ పడుతోంది.”

లైన్ మీద మొదటి జడ టేపు చుట్టుకుంటోంది. స్వప్న బల్ల దగ్గర అల్లం వాసన ఇంకా పోలేదు.

“పడనియ్యి బాబూ” అన్నాను. “రేపు గూడ పడ్తది.”